కప్పుడు గుంటలో గోంగూర

సరుకుల బండి వచ్చి నూట ఎనభై ఏడో రోజు

నెహెమ్యా, నిన్న సభలో నువ్వన్న మాటల్లో ఒకటి సరిదిద్దాలి. "మామ్మకి డెబ్బై మూడేళ్ళు, ఆ వాక్యం మరిచిపోయి ఉంటుంది" అన్నావు. డెబ్బై మూడు నిజమే. మరిచిపోయానన్నది నిజం కాదు. ఆ వాక్యం నాకు ఎప్పుడూ గుర్తుంది. మిగతాది రాయాల్సిన చోట రాస్తాను.

నాతో మాట్లాడటం మానేశావు కాబట్టి ఇందులో రాస్తున్నాను. ఈ ప్రశ్నల చిట్టా వంటింటి గూట్లోనే ఉంటుంది. ధర్మశాస్త్రం చదివేవాడు రోజూ తీసి ఏం చేరిందో చూడాలి. ఆ చదివేవాడివి ఇప్పుడు నువ్వు. నా మీద ఎంత కోపమున్నా పని మానవు, ఆ గుణం నా దగ్గర్నుంచే వచ్చింది.

ప్రశ్న: అడిగినవాడు ఓబేదు, మన కోళ్ళు కోసేవాడు. కప్పుడు గుంట అంచున నాలుగు గోంగూర మొక్కలు మొలిచాయి. ఎవరూ నాటలేదు. కోసిన కోళ్ళ మేతసంచుల్లోంచి గింజలు రాలి ఉంటాయి. మోకాలెత్తు పెరిగాయి. తినొచ్చా?

ఈ చిట్టాని మన తర్వాత చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రక్తం జంతువు ప్రాణం, ప్రాణం మనది కాదు, అందుకని మోషే ధర్మశాస్త్రం రక్తం తినొద్దంది. కోడిని కోస్తే దాని రక్తాన్ని నేల మీద పారబోసి మట్టితో కప్పాలంది. ఈ ఎర్ర గ్రహం మీద అలాంటి నేల లేదు, గుమ్మటం ఉంది. అందుకని కోళ్ళగూటి పక్కన గుంట తవ్వుకుని, గుమ్మటం బయటి ఎర్రపొడిని పదకొండుసార్లు కడిగి ఆరబెట్టి, దానితో కప్పుతూ వచ్చాం. అవతలి గుమ్మటం వాళ్ళు మనల్ని కప్పేటోళ్ళు అంటారు. ఇంతకన్నా పాడు పేర్లు విన్నాను.

నీ తీర్పు: బయటి ఎర్రపొడి మట్టి కాదు. కాబట్టి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గుంటలో రక్తం కప్పనట్టే లెక్క. కప్పని రక్తంలో మొలిచింది ఎవరూ తినకూడదు. తిర్సా మాత్రం కడుపుతో ఉంది, నెత్తురు తగ్గిన రోగి కాబట్టి మినహాయింపు కింద తినొచ్చు.

సభ తలూపింది. వెనక వరసలోంచి నీ భార్య తిర్సా లేచి వెళ్ళిపోయింది. నువ్వు చూడలేదు, కాగితంలోంచి తలెత్తలేదు.

నూట ఎనభై ఎనిమిది

పొద్దున గుడ్లు చూశాను. పదకొండు. ఒక్కొక్కటీ గాజుగ్లాసులో కొట్టి, దీపానికి ఎదురుగా పట్టి. రెండింటిలో నెత్తుటి చుక్క ఉంది, గుంటలో పోశాను.

అవతలి గుమ్మటం నుంచి డాక్టర్ మస్తాన్‌బీ సొరంగం గుండా వచ్చింది. తిర్సా వేలు గుచ్చి పరీక్ష చేసి, ఆ పిల్ల లోపలికి వెళ్ళేదాకా మాట్లాడలేదు.

"హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ రెండు, అమ్మగారూ. పోయిన వారం ఏడున్నర."

"ఎక్కడ ఆగాలి?"

"ఆరున్నర కిందికి పోతే కాన్పు నా చేతిలో ఉండదు. తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే. రక్తం ఎక్కిద్దామంటే ఆమె గ్రూపు రెండు గుమ్మటాల్లో ఎవరికీ లేదు. ఐరన్ మాత్రలు బండిలో ఉన్నాయి. బండేమో దుమ్ము తుఫానుకి అవతల ఉంది."

"ఎన్నాళ్ళంటున్నారు?"

"మూడు వారాలు. పోయిన నెలా మూడు వారాలే అన్నార్లెండి."

"మీ దగ్గర ఇనుము కోసం తినే రక్తపు పొడి ఉందిగా?"

"డబ్బాలకి డబ్బాలు. మాకూ నిషేధమే అమ్మగారూ, మా ఇంట్లోకి రానివ్వను. కానీ ప్రాణం మీదికొస్తే మా శాస్త్రం ఒప్పుకుంటుంది, మీదీ ఒప్పుకుంటుంది. నెహెమ్యా కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఆ పిల్లే. డబ్బా మూత కూడా తీయనివ్వలేదు."

మడుల్లో బూజు తెగులు పడి ఆకుకూరలన్నీ పోయి ఆరు నెలలైంది. బంగాళాదుంపలూ గోధుమలూ తిని బతుకుతున్నాం. గుమ్మటం అద్దంలోంచి బయటికి చూస్తే కనుచూపు మేర తుప్పే. గ్రహం గ్రహమంతా ఇనుము, ఇంట్లో కోడలికి ఇనుము లేదు. దీన్ని చూసి నవ్వేవాడెవడో పైనున్నాడు, పేరు రాయను.

"గోంగూర తింటే?" అన్నాను.

"ఆ ఆకు కొండ ఎక్కించదు. జారేదాన్ని పట్టుకుంటుంది. ఆ పులుపుకి మిగతా తిండిలోని ఇనుము కూడా కాస్త ఒంటబడుతుంది. బండి వచ్చేదాకా అది చాలు నాకు."

నూట ఎనభై తొమ్మిది

శుక్రవారం. రేపటి విశ్రాంతి దినానికి కోడి. లోపల మిగిలిన నెత్తురు కూడా పోయేలా నీళ్ళలో అరగంట నానబెట్టి, వాలుబల్ల మీద గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడగాలి. తిర్సా రాసినంత ఉప్పు ఈ గుమ్మటంలో పుట్టిన ఆడది ఎవరూ రాయరు. కోడి అప్పుడే మంచులో పడి లేచినట్టుంది.

"చాల్లేవే పిల్లా, అది కోడి, ఆవకాయ కాదు" అన్నాను.

నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"కూర్చో. ఎందుకింత మొండి నీకు? వాడు తినొచ్చని చెప్పాడుగా?"

"మినహాయింపు కింద."

"ఏ కిందైతేనేం? కడుపులోకే పోతుంది."

"మామ్మగారూ, నేను పుట్టిన అవతలి గుమ్మటంలో ఆదివారం అంటే కోడి రక్తం వేపుడు. ఉల్లిపాయలేసి చేస్తారు. బాగుంటుంది కూడా, అబద్ధమెందుకు. అది వదిలేసి వచ్చాను. మీ మనవడితో నా పెళ్ళి మినహాయింపు కింద జరిగింది. ఈ ఇల్లు మినహాయింపు కింద ఇచ్చారు. ఈ ఉప్పుబల్ల దగ్గర నిలబడటానికి ఏడాదిపాటు మినహాయింపు అడగాల్సి వచ్చింది. ఇప్పుడు బిడ్డ కూడానా?"

"ముందు బతకాలి కదే."

"బతుకుతాను. తర్వాత? 'కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఏం తిందో తెలుసా' అంటారు. మీ చెల్లెలు సలోమిగారు అంటారు. వాడికి పదేళ్ళొచ్చినా అంటారు."

సలోమి నా సొంత చెల్లెలు. అరవై తొమ్మిదేళ్ళుగా తెలుసు. అంటుంది.

"అయితే నీకేం కావాలి?"

"అందరూ తినేదైతే తింటాను. నా ఒక్కదాని కోసమైతే నాకొద్దు."

మొదట నాకు మండింది. తర్వాత మూడో కడుగు కడుగుతుంటే అర్థమైంది. ఆ పిల్ల దయ అడగడం లేదు. ధర్మశాస్త్రాన్నే అడుగుతోంది. ఆ పిల్ల మన ఇంటికొచ్చిన ఐదేళ్ళలో మనలో ఎవరైనా అంత నిక్కచ్చిగా అడిగామా? నువ్వూ నేనూ కూడా అడగలేదు.

నూట తొంభై ఒకటి

విశ్రాంతి దినం గడిచింది కాబట్టి పని మొదలుపెట్టాను.

ముందు నీ వాదన. మట్టి ఏది, మట్టి కానిది ఏది అన్న చోట పాత పెద్దలు ఒక కొలత పెట్టారు. విత్తు వేస్తే మొలిచేది మట్టి, దానితో కప్పవచ్చు. మొలవనిదానితో కప్పితే కప్పినట్టు కాదు. నువ్వు సభలో చదివిన వాక్యం అదే, సరిగ్గానే చదివావు.

"మరి నాలుగు మొక్కలు మొలిచాయిగా" అని ఓబేదు అడిగితే, "అవి కోళ్ళ మేత తౌడులో వేళ్ళూనాయి, పొడిలో కాదు" అన్నావు. అదీ సరైన అనుమానమే. నేను నీ చోట ఉంటే అదే అనేదాన్ని. కాకపోతే నేను వెళ్ళి తవ్వి చూసేదాన్ని.

కాబట్టి తవ్వించాను.

"పైది చాలదా మామ్మా?" అన్నాడు ఓబేదు, పార పట్టుకుని.

"అడుగుది కావాలి. మొట్టమొదట కప్పింది."

"అది నేను పుట్టకముందుది."

"నీకోసం కాచుకుని ఉందనుకో. తవ్వు."

"ఎంత లోతు?"

"నడుం లోతు."

"నా నడుమా, మీ నడుమా?"

"నాది. వంగిపోయింది కాబట్టి నీకు పని తక్కువ."

అడుగు పొర తగిలేసరికి వాడు ఆగిపోయాడు. పైన ఉన్న ఎరుపు కింద లేదు. వక్కరంగు. పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టింది. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేం వాసన మామ్మా?" అన్నాడు. మొదటి వాన పడ్డప్పటి వాసన అది. వాడికెలా చెప్పను? వాడు వాన చూడలేదు.

రెండు మట్టిగిన్నెలు తీసుకున్నాను. ఎడమదానిలో గుంట అడుగు పొర, తౌడూ ఈకా లేకుండా జల్లించింది. కుడిదానిలో బయటి నుంచి తెచ్చి కడిగిన ఎర్రపొడి. రెండూ ఒకే కొలత. తిర్సా చేతే విత్తులు వేయించాను, నా విత్తనాల సీసాలోవి, గిన్నెకి ఏడు. ఓబేదూ మస్తాన్‌బీ సాక్షులు. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు. ఆ నిలబడటం మీ తాతది.

ఎడమది మొలిస్తే గుంటలోది మట్టి. మట్టి అయితే రక్తం మట్టికి చేరినట్టే. మట్టి ఇచ్చేది పంట, అది అందరూ తినొచ్చు. మొలవకపోతే నీ తీర్పు నిలుస్తుంది, నేను నోరు మూసుకుంటాను. ఆ వేడుకైనా చూడాలని కొంతమందికి ఉంటుంది.

నూట తొంభై ఐదు

గాలిజల్లెడలు దులిపాను. దుమ్ము తుఫాను ఇంకా పోలేదు, రోజుకి రెండుసార్లు దులపాల్సి వస్తోంది.

గోంగూర నాలుగో రోజుకి తల ఎత్తాలి. ఎడమ గిన్నెలో ఏమీ లేదు. కుడి గిన్నెలోనూ లేదు.

తిర్సాది ఆరు పాయింట్ తొమ్మిది. మెట్టు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. మస్తాన్‌బీ రక్తపు పొడి డబ్బాని మాటామంతీ లేకుండా మన బల్ల మీద పెట్టి వెళ్ళింది. తిర్సా దాన్ని అంతే మాటామంతీ లేకుండా సొరంగం తలుపు దగ్గర పెట్టి వచ్చింది.

ఒక సంగతి. నేను గిన్నెలకి పూటకి రెండు చెంచాల నీళ్ళు పోస్తాను. ఈ మూడు రోజులుగా అంతకన్నా తడిగా ఉంటున్నాయి. మనిషికి రోజుకి ఇచ్చే నీళ్ళలోంచి ఎవరో మిగిల్చి పోస్తున్నారు. నీ పెదవులు పగిలి ఉన్నాయి. రెండు గిన్నెలకీ సమానంగా పోశావు. అది చూసి నీ మీద నాకు సగం కోపం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, ఎందుకైనా పనికొస్తుంది.

నూట తొంభై ఏడు

ఏమీ మొలవలేదు. రేపు మొలవకపోతే అయిపోయినట్టే. కాబట్టి మొదటి రోజు బాకీ పెట్టిన మాట ఇప్పుడే రాస్తాను. మొలిచాక రాస్తే గొప్ప కోసం రాసినట్టుంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఏడు కుటుంబాలం దిగాం. భూమి మీది మన వైపు నల్లరేగడి మూడు బస్తాలు తెచ్చుకున్నాం, ఒక్క మడికి సరిపోయింది. పిల్లలు పంతొమ్మిది మంది. నీ తల్లి ఆరో నెల కడుపుతో ఉంది, లోపల ఉన్నది నువ్వే. మొదటి పండగకి మొదటి కోడిని కోశాం. ఓబేదు తండ్రి నెత్తుటి కత్తి పట్టుకుని నా వైపు చూశాడు. ధర్మశాస్త్రం చదువుకున్నది నేనొక్కదాన్నే. "మట్టితో కప్పాలి కదా అక్కా, తేనా?" అన్నాడు.

కోడికి రెండు దోసిళ్ళ మట్టి కావాలి. కప్పినదాన్ని మళ్ళీ తీయకూడదు. వారానికో కోడి అంటే ఏడాదిన్నరలో మడి ఖాళీ.

పుస్తకం నా చేతిలోనే ఉంది. విత్తు మొలవాలన్న ఆ కొలత ఉన్న పేజీ తర్వాతది. రెండు పేజీలూ కలిపి ఒకేసారి తిప్పాను. "ధూళితో కప్పమని ఉంది. బయట కావలసినంత ధూళి ఉంది, తెండి" అన్నాను. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. నీ తల్లి ఆ మడిలో తోటకూర తిని నిన్ను కన్నది.

నిజం చెప్పి ఉండొచ్చు. "మనకి మట్టి లేదు, కష్టకాలం, మినహాయింపుగా ఇలా చేద్దాం" అంటే ఎవరూ కాదనేవారు కాదు. ఎందుకు అనలేదంటే, మొదటి రోజే మినహాయింపుతో మొదలైన ఊరు నిలబడుతుందా అని భయపడ్డాను. మనల్ని మనమే ఎప్పటికీ అరకొర జనం అనుకుంటామని భయం. సరిగ్గా అదే భయం మొన్న ఉప్పుబల్ల దగ్గర నీ భార్య నోట విన్నాను. తేడా ఒక్కటే. ఆ పిల్ల భయపడి నిజం అడిగింది. నేను భయపడి అబద్ధం చెప్పాను.

ఇది మొలిచినా మొలవకపోయినా సభలో చదివి వినిపించాలి. ఒక్క మాట వదలకుండా.

నూట తొంభై ఎనిమిది

తిర్సా కేక వేసింది. మెట్ల మీద పడిందేమోనని నేను గరిటె పట్టుకునే పరిగెత్తాను, పరుగనేది నా వయసు మాట.

ఎడమ గిన్నెలో మూడు. వంగిన మెడలు, ఒకదాని నెత్తిన విత్తు తొక్క ఇంకా టోపీలా ఉంది. కుడి గిన్నెలో ఏమీ లేదు. తిర్సా రెండు గిన్నెల మధ్యా కూర్చుని, లెక్క తప్పుతుందేమో అన్నట్టు వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతోంది. మూడే కదా పిల్లా.

నువ్వు వచ్చావు. పన్నెండు రోజుల తర్వాత నాతో మాట్లాడావు.

"చిట్టా చదివాను మామ్మా."

"తెలుసు. నీళ్ళచెంబు గుర్తు పేజీ మీద ఉంది."

"ఆ రోజు ఆ పొడిలో విత్తు వేస్తే మొలిచేదా?"

"కుడి గిన్నె చూడు. అది ఆ రోజుది."

"అయితే ఆ రోజు నీ తీర్పు తప్పు."

"తప్పే."

ఎడమ గిన్నె దగ్గరికి లాక్కున్నావు. "ఇదీ ఆ పొడే కదా. దీన్ని మట్టి చేసిందెవరు?"

"ఆ కోళ్ళు. రక్తాన్ని నీళ్ళలా నేల మీద పోయమన్నాడు మోషే, గుర్తుందా? నీళ్ళు పోస్తే నేల ఏం చేస్తుందో అదే చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. నా అబద్ధాన్ని అవి నిజం చేశాయి, అందులో నా గొప్పేం లేదు."

"మొదట్లో కప్పినవన్నీ?"

"కప్పనట్టే. ఆ లెక్క నాది, నేను చెప్పుకుంటాను. కానీ ఇవాళ గుంటలో ఉన్నది మట్టి."

నువ్వు బల్ల దగ్గర కూర్చున్నావు. "రాయి మామ్మా" అన్నావు. నేను రాశాను, నువ్వు సంతకం పెట్టావు:

తీర్పు: కప్పుడు గుంటలో ఉన్నది మట్టి. అందులో మొలిచింది పంట. అందరూ తినొచ్చు. ఇది మినహాయింపు కాదు.

చివరి వాక్యం అక్కర్లేదన్నావు. తిర్సా ఉండనివ్వమంది. ఉంచాం.

నూట తొంభై తొమ్మిది

సభలో నువ్వు అంతా చదివావు. నా పేజీలో కూడా ఒక్క మాట వదల్లేదు. రెండు పేజీలు కలిపి తిప్పిన చోట మళ్ళీ చదవమని ఎవరో అడిగితే మళ్ళీ చదివావు.

సలోమి లేచింది. "అయితే ఇన్నేళ్ళూ మనందరికీ అబద్ధం తినిపించావన్నమాట, అక్కా."

"తినిపించింది కోడికూరే సలోమీ. నువ్వు రెండోసారి వడ్డించుకునేదానివి."

ఎవరో నవ్వారు. సలోమి నవ్వలేదు, కూర్చోనూలేదు. ఇక నేను చిట్టా రాయొచ్చు కానీ తీర్పు చెప్పకూడదని సభ అంది. న్యాయమే. నేనైతే చిట్టా కూడా ఇచ్చేదాన్ని కాదు.

అందరూ లేస్తుంటే సలోమి నీ దగ్గరికి వచ్చి అడిగింది, నేను విన్నాను. "ఒరే నెహెమ్యా, అందరూ తినొచ్చన్నావు కదా. పప్పులోకి నాకో గుప్పెడు ఇస్తావా?"

వెనక వరసలో తిర్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు నువ్వు ఈసారి చూశావు.

మస్తాన్‌బీ పొద్దున్న చూస్తే ఆరు పాయింట్ ఏడు. కాబట్టి రేపు ఆలస్యం చేయకు. లేవగానే మూతున్న స్టీలుగిన్నె తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళు. ఓబేదుని పంపకు, నువ్వే వెళ్ళు. పైనుంచి లేతాకులు తుంచు, కొమ్మ విరవకు, ఒక్కో మొక్కకి ఆరాకులు వదిలిపెట్టు. వచ్చేదారిలో ఇరవై మూడు ఇళ్ళలోనూ ఇంటికి ఒక్క ఆకు ఇవ్వు. గుప్పెళ్ళు ఇవ్వకు, ఒక్క ఆకే. ముందు సలోమి ఇంటికి వెళ్ళు, ఆవిడ నమిలి మింగేదాకా గుమ్మంలోంచి కదలకు. మిగిలిందంతా తిర్సాకి. ఓబేదు దగ్గర రెండు పచ్చిమిరపకాయలున్నాయి, అడిగి తీసుకురా. కుండ నేను పొయ్యి మీద పెట్టి ఉంచుతాను.